తలుపు తీయని క్లౌడు

“నీ మొహం చూస్తేనే కనెక్షన్ తెగిపోతుందయ్యా!” అన్నాడు బృహస్పతి, కుర్చీలోంచి లేవకుండానే.

ఎదురుగా నిలబడ్డ తాళాలాయన తల గోక్కున్నాడు. ఆఫీసులో ఎవరికి ఏ కంప్యూటర్ ఖాతా తెరవాలో, అందులోకి వెళ్ళడానికి ఎవరికి ఏ కీ ఇవ్వాలో చూసే మనిషి కాబట్టి ఆయనకా పేరు. బృహస్పతికి ఆ పేరెవరు పెట్టారని అడక్కండి, తనే పెట్టుకుని ఉంటాడని అందరి అనుమానం. తను తుమ్మినా కీబోర్డు మీద ప్రోగ్రాము ఊడిపడుతుందనీ, మిగతావాళ్ళు తపస్సు చేసినా తప్పులే పుడతాయనీ ఆయన నమ్మకం.

ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, ఆయన ప్రోగ్రామే మొరాయిస్తోంది.

పని చిన్నదే. ఉద్యోగం వదిలి వెళ్ళేవాళ్ళకి హెచ్‌ఆర్ మేడమ్ తన కంప్యూటర్లో గుర్తు పెడుతుంది. బృహస్పతి ప్రోగ్రాము ఆ గుర్తులు అందుకుని, ఆఫీసు ఖాతాలన్నీ ఉండే క్లౌడు తలుపు తట్టి, బృహస్పతి కీ చూపించి, ఒక్కొక్కరి ఖాతా మూయించాలి. పేర్లు తెరమీద పడకూడదనీ, సాయంత్రం అయిదు దాటాకే నడపాలనీ మేడమ్ చెప్పింది. “ఆవిడకేం తెలుసు నా మొహం!” అని ఈయన పొద్దున్నే మొదలెట్టాడు. ముందు ఉత్తుత్తి ఖాతాల మీద పరీక్షించమని తాళాలాయన నసిగితే, “ఈతొచ్చినవాడి నడుముకి బెండు కడతావా?” అని కసిరాడు.

ప్రోగ్రాము నడిచింది. “మూశాను, మూశాను” అంటూ తెరమీద వరుసలు చకచకా పడ్డాయి. అంతలో 401. అంటే, ‘నువ్వెవరో నాకు తెలీదు, పో’ అని క్లౌడు మొహమ్మీదే తలుపెయ్యడం.

“ఇంతసేపూ నన్ను లోపలికి రానిచ్చి, ఇప్పుడు ఎవరని అడుగుతుందా? ఏం చేశావో చెప్పు!”

“నేనేం ముట్టుకోలేదండీ. మీ ఖాతా మూసుకుపోయి ఉంది. అందుకే కీ చెల్లట్లేదు. తెరిచి కొత్త కీ ఇస్తాను, ఉండండి.”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే. కానీ, కానీ.”

కొత్త కీ వచ్చింది. మళ్ళీ నడిపాడు. మళ్ళీ అక్కడిదాకా పోయి, అదే చోట 401.

బృహస్పతికి చెమటలు పట్టాయి. ఎందుకు పట్టవు? “ఇది పూర్తి చెయ్యండి, తర్వాత మీతో కూర్చుని మాట్లాడాలి” అని బాస్ నిన్ననే అన్నాడు. ఆ మాటలో ఈయనకి డిపార్ట్‌మెంటు హెడ్ కుర్చీ కనబడింది. కుర్చీకి చక్రాలు కూడా కనబడ్డాయి. ఇంటికెళ్ళి ఇల్లాలికి చెప్పేశాడు. ఊరుకోకుండా బావమరిదికి ఫోన్ చేసి, “నా దగ్గరికి పంపించు నీ అప్లికేషను, చూద్దాం” అని వరం కూడా ఇచ్చేశాడు. ఇప్పుడీ ప్రోగ్రాము నడవకపోతే కుర్చీ సంగతి సరే, బావమరిది నవ్వు భరించేదెవరు?

క్లౌడు కంపెనీవాళ్ళ సాయం నంబరుకి ఫోన్ చేశాడు. అటునుంచి ఒకమ్మాయి ఓపిగ్గా అంతా విన్నది.

“మా వైపు ఏ లోపమూ లేదు సార్. మీ ప్రోగ్రాము అడిగినవన్నీ చేశాం. చివరిది కూడా చేశాం. ఆ తర్వాత నుంచే మీ కీ చెల్లలేదు.”

“చేశారుట! మీకు ఉద్యోగాలిచ్చినవాణ్ణి అనాలమ్మా!”

“వేరే ఏమైనా సాయం కావాలా సార్?”

“అక్కర్లేదు. గోడకి చెప్పుకుంటాను, అదైనా వింటుంది.” ఫోన్ పెట్టేసి తాళాలాయన వైపు తిరిగాడు. “వాళ్ళకి ఎటూ బుద్ధి లేదు. నీకేమైంది? అసలు నా ఖాతా ఎవరు మూస్తున్నారో చూడు.”

తాళాలాయన తన కంప్యూటర్లో వెతికాడు. వెతికి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“మీరేనండీ.”

“ఏంటీ?”

“మీ ఖాతాని మీ కీతోనే మూసినట్టు చూపిస్తోందండీ. రెండుసార్లూ.”

బృహస్పతి పగలబడి నవ్వాడు. గదిలో అందరూ తలెత్తి చూసేలా నవ్వాడు. “విన్నారా! కూర్చున్న కొమ్మ నేనే నరుక్కుంటున్నానట! ఇలాంటి మేధావుల్ని జీతమిచ్చి మేపుతున్నారు. ఉండు, ఇవాళ నీ సంగతి తేలుస్తాను.”

అందరికీ వినబడాలని స్పీకరు నొక్కి మరీ హెచ్‌ఆర్ మేడమ్‌కి ఫోన్ కొట్టాడు.

“మేడమ్, మీ తాళాలాయన చేతకానితనం వల్ల నా ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతోంది. ఎవరి దగ్గరో ఆగి, ఇక కదలట్లేదు. వెళ్ళిపోయేవాళ్ళలో ఈయన్ని కూడా చేర్చండి, ఆఫీసు బాగుపడుతుంది.”

అటువైపు తలుపు వేసిన చప్పుడైంది.

“అప్పుడే నడిపేశారా?” అంది మేడమ్ నెమ్మదిగా. “స్పీకరు తీసెయ్యండి ముందు.”

“ఫరవాలేదు, అందరూ విననివ్వండి. దాపరికమేముంది? నా ప్రోగ్రాములో తప్పుందా లేదా, అది చెప్పండి చాలు.”

“తప్పేం లేదండీ. చక్కగా పనిచేస్తోంది.”

“విన్నావా?” అన్నాడు బృహస్పతి తాళాలాయనతో, కాలు మీద కాలేసుకుని. “మరి ఎవరి దగ్గర ఆగుతోంది మేడమ్?”

“మీ దగ్గరేనండీ.”