మట్టా, నిప్పా

మొదటి దెబ్బ మోహనకృష్ణదే.

గిరిబాబు తల గోడకు తగిలింది. సున్నం రాలింది. కింది పెదవి చిట్లి రక్తం చొక్కా మీదికి కారింది. తుడుచుకోలేదు. నాలుకతో రుచి చూసి నవ్వాడు.

“మట్టే,” అన్నాడు మళ్ళీ. “మనయ్యది పలాస. అక్కడ మనోల్లందర్నీ పూడిసినారు. అయ్యనీ పూడుస్తాం.”

“ఇది ఖరగ్‌పూరురా. తాతనేటి సేసినారు? కాల్సినారు. పెద్దకొడుకు కొరివెట్టినాడు.”

“అదే కదేటి నీ బాద!”

అదే బాధ. అయ్య తవిటయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఎల్లుండితో రిటైర్మెంటు. నౌకరీలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి నౌకరీ. తాత పోయినప్పుడు కొరివి పట్టింది తవిటయ్యే, ఆ నౌకరీ వచ్చిందీ తవిటయ్యకే. అప్పటినుంచి ఆ ఇంట్లో కొరివి పట్టినవాడిదే నౌకరీ. ఎవరూ రాయని చట్టం అది. పూడిస్తే కొరివి ఉండదు. అందరూ తలో పిడికెడు మట్టి వేస్తారు. అప్పుడిక తల్లి వేలిముద్ర ఎవరి కాగితం మీద పడితే నౌకరీ వాడిది. తల్లి చిట్టెమ్మకు చిన్నకొడుకు గిరిబాబంటే ప్రాణం.

తనను కాల్చాలో పూడ్చాలో తవిటయ్య ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చావు మాటే ఎత్తనివ్వలేదు.

మోహనకృష్ణ భార్య నీలవేణి బల్ల దగ్గర కూర్చుని ఫోటో కోస్తోంది. మామగారి విడి ఫోటో ఒక్కటీ దొరకలేదు. పింఛను కాగితాల కోసం చిట్టెమ్మతో కలిసి తీయించుకున్నదే ఉంది. కత్తెర అత్త భుజం మీదుగా నడిచింది.

“దండెయ్యడానికి ఇది మరీ సిన్నదేమో,” అంది.

గిరిబాబు ఆ కత్తెర లాక్కుని అన్న అరచేతిలో దించాడు.

మోహనకృష్ణ అరవలేదు. తమ్ముడి జుట్టు పట్టి బల్ల అంచుకేసి కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. రెండోసారి చప్పుడు వేరుగా వచ్చింది. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద పడుకున్న శరీరాలవి. ఎక్కడ కొడితే ఎక్కువ నొప్పో ఒకరిది ఒకరికి బాగా తెలుసు.

గోడ అవతలినుంచి పక్క క్వార్టరు ఆలిస్ గొంతు వినిపించింది. “క్యా హువా, చిట్టెమ్మ దీదీ?”

“కుచ్ నహీ. పిల్లలు!” వంటింట్లోంచే అరిచింది చిట్టెమ్మ.

కొంగుముడిలోని పొట్లం తడిమి చూసుకుంటూ ఇవతలికి వచ్చింది. నేల మీది రక్తాన్ని చూసింది. ఎవరిదని అడగలేదు.

“నిప్పే,” అంది.

మోహనకృష్ణ పట్టు వదిలాడు.

“మట్టిలో ఎడితే మల్లీ తవ్వుతారు.”

“ఎవులు తవ్వుతారే? రోడ్డేసేవోల్లా?” గిరిబాబు ఉమ్మాడు. ఉమ్ములో ఒక పన్ను ఉంది.

చిట్టెమ్మ కొంగుముడి ఇంకాస్త బిగించింది.

“మరి నౌకరీ?”

“కొరివి పెద్దోడు. నౌకరీ పెద్దోడే. నానూ, నా పింఛనూ నీకాడ. సాల్దేటి?”

గిరిబాబు ఆలోచించాడు. నోట్లోని రక్తం మింగి, చాలన్నట్టు తలూపాడు. అన్న తన తువ్వాలు చింపి సగం తమ్ముడికి ఇచ్చాడు, సగం తన చేతికి చుట్టుకున్నాడు.

“పలాసలో మేనత్తకి ఫోన్ సేసీమంటారా?” అడిగింది నీలవేణి.

“రేపు. పనంతా అయిపోయినాక,” అంది చిట్టెమ్మ. “ముందు నెత్తురు కడగండి.”

నీలవేణి నేల తుడిచింది. కోసిన ఫోటో పరుపు కింద దాచింది. గిరిబాబు గోడ మీది మరకకు అడ్డంగా క్యాలెండరు తగిలించి, తలుపు గడియ తీశాడు.

వర్క్‌షాపు సైరన్ మోగింది.

చిట్టెమ్మ వంటింట్లోకి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేసరికి కొంగుకు ముడి లేదు.

పావుగంటకు వాకిట్లో సైకిలుకు స్టాండు వేసి, “ఒలే సిట్టీ, ఆకలేస్తంది, ఏటొండినావే?” అంటూ తవిటయ్య ఇంట్లోకి వచ్చాడు.