మిరపతోటలో కెమెరా

"ముందా పెట్టె కిందికి దించవయ్యా! ఎవర్నడిగి నా... ఎవర్నడిగి తోటలోకొచ్చారు?"

'నా తోట' అనబోయి వీరరాఘవయ్య నాలుక్కరుచుకున్నాడు. నందిగామ దాటాక రోడ్డు వారనున్న ఆ మిరపతోట ఆయనదే. ఎక్కువున్న భూమి సర్కారు లాక్కుంటుందన్న సీలింగు భయంతో పాలేరు పుల్లయ్య పేరున పెట్టాడు, అంతే.

"డాక్యుమెంటరీ తీస్తున్నామండీ, సర్కారు తరపున," అన్నాడు జీపు దిగిన భవానీప్రసాద్. "సినిమాల్లోలా వేషాలుండవు. ఉన్నది ఉన్నట్టు తీస్తాం."

వీరరాఘవయ్య జీపు వంక అనుమానంగా చూశాడు. సర్కారంట, జీపంట, ఉన్నది ఉన్నట్టంట! సీలింగు వాళ్ల ఎత్తు కాకపోతే మిరపకాయల్ని ఎవడన్నా సినిమా తీస్తాడా?

"తోట ఎవరిదండీ?"

"ఇంకెవరిది, పుల్లయ్యది! ఒరే... ఇదుగో, పుల్లయ్యా, ఇలా రావయ్యా!"

ఇంత మర్యాద ఎవరికా అని పుల్లయ్య వెనక్కి తిరిగి చూశాడు.

"తోట నీదేనా, పెద్దాయనా?"

పుల్లయ్య యజమాని వైపు చూశాడు. వీరరాఘవయ్య కళ్లురిమాడు.

"ఆఁ... నాదేనండి," అన్నాడు పుల్లయ్య.

ఇక మొదలైంది ఉన్నది ఉన్నట్టు తీయడం. పుల్లయ్య మాసిన గుడ్డ విప్పించి, జీపులోంచి తెల్ల పంచె తెచ్చి కట్టించారు. గోతాలకెత్తిన కాయని కుమ్మరించి మళ్లీ ఎత్తించారు. నవ్వమన్నారు. ఆ నవ్వు చాల్లేదని మళ్లీ నవ్వించారు.

వాడెక్కడ ఏం వాగుతాడోనని వీరరాఘవయ్య పుల్లయ్య పక్క నుంచి అంగుళం కదల్లేదు.

"మీరు కూడా కెమెరాలో పడుతున్నారండీ," అన్నాడు భవానీప్రసాద్. " ఊరికే నిలబడితే ఏం బాగుంటుంది? ఆ చెప్పులొదిలేసి, కండువా తలకు చుట్టి, ఎడ్ల పగ్గం పట్టుకోండి."

"మాటలు కూడా పడతాయా ఇందులో?"

"పడవండీ. బొమ్మ ఒక్కటే. మాటలు తర్వాత మేం రాసుకుని చదివిస్తాం."

అమ్మయ్య! పుల్లయ్య ఏం కూసినా ఫర్వాలేదు. వీరరాఘవయ్య సంతోషంగా చెప్పులు విడిచి పగ్గం అందుకున్నాడు.

వానాకాలంలో జగ్గయ్యపేట సినిమా హాల్లో అసలు ఆటకు ముందు ఆ డాక్యుమెంటరీ వేస్తున్నారని తెలిసింది. వీరరాఘవయ్య తాసిల్దారు జగన్నాథరావుని పట్టుబట్టి మరీ వెంటబెట్టుకెళ్లాడు.

"ఆ తోట నాదని ఎవడో మీ చెవినేశాడటగా! చూద్దురుగాని రండి. నా మాట నమ్మకండి, సర్కారు బొమ్మని నమ్మండి."

రంగుల బొమ్మ కాదేమో, తెర మీద ఎర్రటి మిరపకాయలకి బదులు నల్లటి మిరపకాయలు కనిపించాయి. వెనకనుంచి గంభీరమైన గొంతు వచ్చింది. "ఈ తోట యజమాని శ్రీ పుల్లయ్యగారు."

"విన్నారా?" అంటూ వీరరాఘవయ్య పక్క కుర్చీ వైపు వంగాడు. జగన్నాథరావు తలూపాడు. హమ్మయ్య, గండం గడిచింది!

తెల్ల పంచెలో పుల్లయ్య నవ్వాడు. ఆ వెనక తలగుడ్డ చుట్టి, ఒట్టికాళ్లతో ఎడ్ల పగ్గం పట్టుకున్న మనిషి తెరనిండా వచ్చాడు.

"ఇతను పుల్లయ్యగారి పాలేరు," అంది గొంతు. "కాస్త మందకొడి. అయినా యజమాని దయవల్ల మూడు పూటలా తింటున్నాడు."

నేల టిక్కెట్ల వాళ్లు ఈలలేశారు. "ఒరే, మన వీరరాఘవయ్యగారురా! పుల్లయ్యకి పాలేరంట!" హాలు హాలంతా పడీ పడీ నవ్వింది.

వీరరాఘవయ్యకి తల కొట్టేసినట్టయింది. ఒళ్లు భగ్గుమంది. ఒక్క ఊపున లేచాడు.

"ఆపండ్రా! నేను పాలేర్నా? వాడ్రా నా పాలేరు! ఆ తోట నాది! సీలింగులో పోతుందని వాడి పేరున పెట్టా, తెలుసా?"

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. జగన్నాథరావు ఆయన చెయ్యి పట్టుకుని నెమ్మదిగా కూర్చోబెట్టాడు.

"ఆవేశపడకండి, వీరరాఘవయ్యగారూ. రేపొకసారి ఆఫీసుకొచ్చి, ఇప్పుడన్న ముక్కే కాస్త రాసిచ్చి పోదురుగాని."