వాయిదాకు బయల్దేరిన బండి

తాళం తిప్పితే బండి ఉలకలేదు, పలకలేదు. కొండలు మళ్లీ తిప్పాడు. మీటరు బోర్డులో ఒక్క లైటు కూడా వెలగలేదు.

“ఏంది?” అంది పక్క సీట్లో ఉన్న అతని భార్య నీలిమ.

“బ్యాటరీ దిగినట్టుంది.”

“ఇప్పుడే దిగాలా? పదకొండు లోపల కోర్టులో ఉండాలి మనం.”

“దిగేటప్పుడు నన్నడిగి దిగిద్దా?”

ఇద్దరూ జడ్జి ముందు నిలబడి, విడిపోవడం ఇష్టమేనని చెప్పాల్సిన రోజు అది. నూజెండ్ల నుంచి నరసరావుపేటకు ఒకే బండిలో బయల్దేరారు. పాత ట్రావెలర్ వ్యానులో మంచం, గ్యాస్ పొయ్యి బిగించి, యాత్రలకు పోయే కుటుంబాలకు కిరాయికి తిప్పుతాడు కొండలు. దారిలో ఇడ్లీ తినడానికి ఒక మిరప చేను పక్కన ఆపారు. నీలిమ బండిలోనే కూర్చుంది. కొండలు బోరు దగ్గరికి పోయి నీళ్లు పట్టుకొచ్చాడు. తీరా కదలబోతే ఇదీ సంగతి.

కొండలు డాష్‌బోర్డు అర తెరిచి జంప్ స్టార్టర్ బయటికి తీశాడు. బ్యాటరీ దిగిపోయిన బండికి క్లిప్పులు తగిలించి లేపే లిథియం డబ్బా అది. తీసినవాడు తీసినట్టే ఆగిపోయాడు. డబ్బా పొట్ట ఉబ్బి ఉంది. అంచు దగ్గర ప్లాస్టిక్ విచ్చుకుంది. చేతికి వేడిగా తగిలింది.

“ఎండ పడే చోట పెట్టమాకయ్యా అని ఎన్నిసార్లు చెప్పా,” అంది నీలిమ. “మంచం కింద అరలో పెట్టు, కాస్త చల్లగా ఉంటది, అప్పుడప్పుడూ తీసి ఛార్జింగ్ చూసుకో అన్నా. విన్నావా?”

“ఒకసారి తగిలించి చూద్దాం. ఏం కాదులే.”

“ఉబ్బినదాన్ని తగిలిస్తావా? పేలితే?”

“పేలితే నీకేంది? సాయంత్రానికి నువ్వెవరో, నేనెవరో.”

నీలిమ చెయ్యి చాచి డబ్బా లాగేసుకుంది. అంతలోనే దానిలోంచి సన్నగా చిటపటమన్న చప్పుడు వచ్చింది. ఘాటైన వాసన ఒకటి ముక్కుకు తగిలింది.

“వదులు. నువ్వు పట్టుకోమాక.” కొండలు గొంతు మారిపోయింది. భుజం మీది తువ్వాలు దాని మీద వేసి, ఆమె చేతుల్లోంచి తీసుకుని బండి దిగాడు.

“మొహానికి దూరంగా పట్టుకో. అటు ఎండు మిరప మోళ్లున్నయ్, అటు పోమాక,” అంటూ నీలిమ వెనకే దిగింది.

“నువ్వు రామాక. అక్కడే ఉండు.”

ఆమె అక్కడే ఆగింది గానీ, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కొండలు రోడ్డు పక్క వాగులో ఎండిన ఇసుక దాకా పోయి, డబ్బా కింద పెట్టి గబగబా వెనక్కి వచ్చాడు. తువ్వాలు కింద నుంచి పలచగా పొగ లేచింది. కాసేపటికి అదీ ఆగింది.

నీలిమ అతని చేతులు పట్టుకుని తిప్పి చూసింది. అరచేతులు ఎర్రబడ్డాయి. సీసాలో నీళ్లు నిదానంగా వాటి మీద పోసింది. నీళ్లు అయిపోయాక కూడా చేతులు వదల్లేదు.

“నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది,” అన్నాడు కొండలు.

ఏ సంగతి గురించి అన్నాడో ఆమె అడగలేదు.

అంతలో వినుకొండ వైపు నుంచి నరసరావుపేట బస్సు వచ్చింది. “పోనీ, బస్సెక్కుదామా?” అన్నాడు కొండలు. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

“బండిని రోడ్డు మీద వదిలేసి ఎట్టా పోతాం? లోపల సామానంతా ఉంది.”

“అదీ నిజమే.”

బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ బండి నీడన కూర్చున్నారు.

“బీపీ బిళ్ల వేసుకున్నావా?” అంది నీలిమ.

“లేదు.”

ఆమె లేచి బండిలోంచి బిళ్ల తెచ్చి ఇచ్చింది.

ఎవరూ పిలవకుండానే ఒక మోపెడ్ వచ్చి ఆగింది. వినుకొండలో షెడ్డు నడిపే మీరా సాహెబ్. కొండలు బండి పని ఆయనే చూస్తాడు.

“ఏందిరా కొండలూ, ఇక్కడ కూర్చున్నారు?”

“బ్యాటరీ దిగింది బాబాయ్. నువ్వు పో, మేం చూసుకుంటాంలే.”

“మొన్న నేనే గదా కొత్తది వేసింది. అప్పుడే ఎట్టా దిగిద్ది?” అంటూ ఆయన బ్యాటరీ పెట్టె మూత తీశాడు. వంగి చూసి, తలెత్తాడు. “ఇది దిగటం కాదురా. వైరు ఎవరో స్పానరు పెట్టి ఊడదీశారు.”

కొండలు తల దించుకున్నాడు. “నేనే తీశా బాబాయ్. ఇందాక నీళ్లకు పోయొచ్చేటప్పుడు.”

“ఎందుకు?” అంది నీలిమ.

“టయానికి పోకపోతే ఇంకో వాయిదా వేస్తారని. ఇంకొన్నాళ్లన్నా ఉంటావని.”

మీరా సాహెబ్‌కు సంగతి అర్థమైంది. స్పానరు చేతిలో పట్టుకుని కాసేపు చేను వైపు చూశాడు. “బిగించేదా, వద్దా?” అని అడిగాడు చివరికి.

కొండలు భార్య వైపు చూశాడు.

“బిగించు బాబాయ్,” అంది నీలిమ.

కొండలు మొహం వాడిపోయింది. పోయి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. వైరు బిగించాక తాళం తిప్పాడు. బోర్డు మీద లైట్లన్నీ వెలిగాయి. ఇంజను మాత్రం కదల్లేదు.

మీరా సాహెబ్ డాష్‌బోర్డు కిందికి తల దూర్చి, సెల్‌ఫోను లైటు వేసి వెతికాడు. “స్టార్టరు ఫ్యూజు లేదిక్కడ. అది కూడా పీకావా ఏంది?”

“లేదు బాబాయ్. వైరొక్కటే తీశా.”

నీలిమ పైట కొంగు ముడి విప్పి, అందులోని ఫ్యూజు తీసి మొగుడి అరచేతిలో పెట్టింది.