రోమ్ సారు చట్టం

మొదటి దెబ్బకే గోనెసంచి లోపలి మనిషి గావుకేక పెట్టాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పంపు షెడ్డు ముందు ఊరంతా నిలబడి చూస్తోంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వెంకటరాముడు మాత్రం కదల్లేదు.

అనంతపురం కాలేజీలో ముప్పై ఏళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పి, రిటైరై, గార్లదిన్నె పక్కనున్న సొంతూరికి వచ్చిన మనిషి ఆయన. ఊళ్ళో అందరికీ రోమ్ సారు. ఎవరు దొరికినా వదలడు మరి! ఒక్కడి పెత్తనం ముదిరితే దౌర్జన్యం, కొద్దిమంది పెత్తనం కుళ్ళితే దోపిడీ, అందరి పెత్తనం చెడితే అల్లరిమూక. మూడింటినీ కలిపి, ఒకదానికొకటి కళ్ళెం వేసింది గనకే రోమ్ అన్నేళ్ళు నిలబడిందని టీకొట్టు దగ్గర కూడా పాఠం చెప్పేవాడు.

విని విని ఊరికి ఎక్కింది. ఊరు మొత్తానికి నీళ్ళు పడ్డ బోరు ఒక్కటే. దాన్ని ఎర్రప్ప గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఎదురు చెప్పినవాడికి కాలో చెయ్యో విరిగేది. పోయిన ఎండాకాలం జనం తిరగబడి అతణ్ణి ఊరు దాటించారు. రోమ్ సారు అధ్యక్షుడయ్యాడు. పెద్దల సభ ఒకటి, ఊరందరి సభ ఒకటి ఏర్పడ్డాయి.

ఆయన పెట్టిన చట్టం మాత్రం కఠినం. బోరు పైపు కోసినవాడికి స్పృహ తప్పేదాకా దెబ్బలు. తర్వాత పగలు రేగకుండా, దెబ్బలు తినేవాడికి తల నుంచి మోకాళ్ళ దాకా గోనెసంచి, కొట్టేవాడి ముఖానికి తుండు. కొట్టేవాణ్ణి కావలివాళ్ళు చీటీ తీసి గుట్టుగా పిలుచుకుపోతారు. పని అయ్యేదాకా వాడు నోరు విప్పకూడదు, ఇంటి గడప తొక్కకూడదు.

నిన్న సాయంత్రం ఎర్రప్ప తరఫున పైపు కోస్తూ ఒకడు కావలివాళ్ళకు దొరికితే, ఎవరో ఊరికి తెలియకుండా అక్కడే సంచి తొడిగేశారు. పక్కనే వంశీ మోటార్‌సైకిల్ కూడా దొరికింది.

వంశీ రోమ్ సారుకు ఒక్కగానొక్క కొడుకు. అడిగినవాడికల్లా బండి తాళం ఇచ్చేస్తాడని తండ్రి తిట్టని రోజు లేదు. నిన్న పొద్దున మాటా మాటా పెరిగింది. "ఎర్రప్ప కట్టెకూ నీ చట్టానికీ తేడా ఏముండాది నాయనా? రెండూ ఈపు మీదనే కదా పడేది!" అని విసురుగా పోయినవాడు మళ్ళీ ఇల్లు చేరలేదు.

ఇంకో దెబ్బ. ఆ వెంటనే ఇంకోటి. సంచి ఎర్రగా తడిసింది.

రామలక్ష్మమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి భర్త కాళ్ళ మీద పడింది. "నిలపమనయ్యా! ఆ బండి మనది. ఆడ సచ్చిపోతాండేది మన వంశీ!"

కట్టె గాల్లోనే ఆగింది. కొట్టేవాడు వెంకటరాముడి వైపు తిరిగాడు.

లే, సంచి ఊడబెరుకు, బిడ్డను ఎత్తుకో అని వెంకటరాముడి ఒళ్ళంతా ఘోషించింది. కానీ ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠం అడ్డం వచ్చింది. రాజును తరిమిన తొలి ఏడాదే, ఆ రాజును తిరిగి తేబోయిన సొంత కొడుకుల్ని కళ్ళెదుటే చంపించాడు రోమ్ తొలి అధినేతల్లో ఒకడు. ఇవాళ తాను ఆపితే రేపు ఎర్రప్ప వస్తాడు.

"నా కొడుకైతే ఏమప్పా?" అన్నాడు. "చట్టం చట్టమే. కొట్టు."

కొట్టేవాడు కదల్లేదు. తుండు సందులోంచి ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు.

"చెవుడా? కొట్టమంటి కదా!"

కట్టె లేచింది. ఈసారి దెబ్బలు ముందటిలా లేవు. ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టు పడ్డాయి. ఎముక విరిగిన చప్పుడు వెనకనున్నవాళ్ళకూ వినిపించింది. రామలక్ష్మమ్మ అరిచి అరిచి మట్టిలో సొమ్మసిల్లింది. వెంకటరాముడు చూపు తిప్పలేదు. చెంపలు మాత్రం తడిసిపోయాయి.

"ఈయప్ప కన్నా ఎర్రప్పే నయం," అని గుంపులో ఎవరో గొణిగారు.

సంచి కింద కదలిక ఆగింది.

రక్తం అంటిన కట్టెను కుర్చీ ముందు పడేసి, ముఖానికి చుట్టుకున్న తుండు విప్పి, "ఇంగ చాలునా నాయనా?" అన్నాడు వంశీ.