ముగింపు ప్రార్థన

భర్తతో విమానం దిగి సోదర సంఘాన్ని చూడ్డానికొచ్చిన పాస్టరమ్మకు రెండో పాటకే అనుమానం వచ్చింది. బెంచీలు కిటకిటలాడుతున్నాయి గానీ, లేవాలన్నా కూర్చోవాలన్నా జనమంతా ముందు వరుసలో ఉన్న సంఘం పెద్దావిడ వైపే చూస్తున్నారు.

వాక్యం చెప్పడం ముగించి, పాస్టరమ్మ భర్త అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. "ముగింపు ప్రార్థన మీలో ఒకరు చెయ్యండి. అదిగో, నీలం చొక్కా అన్నా, మీరు లేవండి."

నీలం చొక్కా బిగుసుకుపోయాడు. పెద్దావిడ ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

పాస్టరమ్మ దిగ్గున లేచి తనే ప్రార్థన ఎత్తుకుంది. భర్త రెండుసార్లు గట్టిగా దగ్గినా ఆమేన్ దాకా ఆగలేదు.

బయట మెట్ల మీద పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "మేం మిగిలింది ఆరుగురమే తల్లీ. తక్కినవాళ్ళంతా ఇరుగుపొరుగు, నేను బతిమాలితే వచ్చారు. నువ్వెలా కనిపెట్టావు?"

పాస్టరమ్మ తల దించుకుంది. "పోయినేడు మీరంతా మా దగ్గరికొచ్చినప్పుడు, మా బెంచీలు నింపింది పక్కనున్న కుట్టుమిషన్ల షెడ్డు వాళ్ళండీ."

"తెలుసులే," అంది పెద్దావిడ. "ఆ రోజు మా పాస్టరుగారు వాళ్ళలో ఒకర్ని ప్రార్థనకి పిలవబోతుంటే, నేనెందుకు అడ్డంపడి లేచాననుకున్నావు?"