కదిలితే చాలు

"దాని మీద చెయ్యి పడిందంటే ఈ స్పానరు నీ నెత్తిన పడతాది!"

గుజిరీ ఆంజి గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పాత ఇనుము కొనేవాడికి తిట్లు కొత్త కాదు. జీపు కింది నుంచి ఒంటినిండా గ్రీజుతో ఆడమనిషి పాక్కుంటూ వచ్చి తిట్టడం మాత్రం కొత్తే.

"దాని మాట పట్టించుకోవద్దు. నువ్వు ఎత్తించు ఆంజీ," అన్నాడు ప్రతాప్. ఎర్ర రిబ్బను ఇంకా విప్పని కొత్త కారును జీపు వెనకాలే ఆపి, తాళంచెవి వేలికి తిప్పుతూ నిలబడ్డాడు. "ఏమే కృపా, గేర్‌బాక్సు ఇప్పి పళ్లచక్రాలన్నీ గోనెపట్ట మీద వడియాల మాదిరి ఆరబెట్టినావంటనే!"

"అన్నీ కడిగి, అరిగినవి మార్చి, నేనే బిగించినా." స్పానరు అన్న వైపు చూపిస్తూ అంది చెల్లెలు. "రేపట్నుంచి గోరంట్ల గార్మెంట్సుకు మన వీధి ఆడోళ్లను ఇందులోనే తోలుకుపోతా. నాయన బండి గుజిరీకి పోదు."

"కదిలితే గదా!"

"కదిలితే?"

"ఒక్క అడుగు కదిలితే చాలు, మళ్లా ఈ జీపు పేరెత్తను. యేసయ్య తోడు. కదల్లేదో, ఆంజి ఎత్తుకుపోతాడు. నువ్వు నోరు మూసుకోవల్ల."

"సరే." కృపాకుమారి సీటెక్కి స్టార్ట్ చేసింది. ఇంజను నాలుగుసార్లు దగ్గి అందుకుంది.

"దిగు దిగు! నువ్వేదో మాయ చేస్తావు. నేనే తోల్తా. డ్రైవరు యేసన్న కొడుకును, నాకు రాదా?"

ఆమె దిగింది. వాకిట్లో మంచం మీది యేసన్న కంగారుగా లేవబోయాడు. "రేయ్ ప్రతాపూ, ఆ గేరు..."

"నాయనా! అన్నను తోలనీ," అంది కృప. ముసలాయన కూతురి మొహం చూసి, మళ్లీ దిండుకు ఒరిగాడు.

ప్రతాప్ తన కారులో ఫస్టుకు వేసినట్టే గేరు రాడ్డును ఎడమకు లాగి పైకి తోశాడు. ఎంత తొక్కినా కదలదని నలుగురికీ చూపాలి కదా! యాక్సిలరేటరు అడుగంటా తొక్కి క్లచ్చు వదిలేశాడు.

ధడేల్‌మంది. కొత్త కారు ముందు దీపాలు రెండూ పెంకులై రాలాయి. ఎర్ర రిబ్బను జీపు వెనక బంపరుకు చుట్టుకుంది.

ప్రతాప్ దిగి, చెల్లెలి వైపు చూశాడు.

"కదిలింది గదన్నా," అంది కృప, చేతులు తుడుచుకుంటూ. "నాయన జీపులో పైనుండేది రివర్సు. ఫస్టు కిందుంటాది."