చారెడు ఉప్పు

చినామి కుడికాలు బరి మీద ఆనీ ఆనకముందే ఇసొగాయి గారు మైకులో "ఆగాగు" అని కేకేశారు. ఆపి ఊరుకున్నారా? డబ్బాలోంచి చారెడు ఉప్పు తీసి, మైల పోవాలని ఆ పిల్ల కాలు తగిలిన చోట చల్లారు. కుక్క మూతిపెట్టిన గిన్నెను చూసినట్టు మొహం పెట్టి మరీ చల్లారు.

ఆడపిల్ల బరి ఎక్కకూడదట. ఎక్కితే గుళ్లో ఉన్న కొండదేవతకి కోపం వస్తుందట. ఆ దేవతా ఆడదే కదా అని ఎవరికీ తోచలేదు.

కోతల పండగ సుమో పోటీల్లో పదేళ్ల పిల్లల ఆఖరి కుస్తీ అది. పోయిన ఆదివారం బడి ఇసుకలో చినామి నలుగురు మగపిల్లల్ని వరసగా ఎత్తి కుదేసి ఇక్కడిదాకా వచ్చింది. అప్పుడెవరూ నోరెత్తలేదు. ఎలాగూ ఓడిపోతుందిలే అనుకున్నారు. ఓడిపోలేదు, అదీ చిక్కు. పైగా అవతల నడికట్టు బిగించుకుని నిలబడ్డ షోమా, పండగ సంఘానికి పెద్ద అయిన ఈ ఇసొగాయి గారి సొంత మనవడు. పిల్ల ఎక్కకపోతే కప్పు నేరుగా వాళ్లింటికే పోతుంది.

"ఎందుకు ఎక్కకూడదు?" అంది చినామి.

"ఆచారం తల్లీ."

"అంటే?"

"అంటే... ఆడవాళ్ల కాలు పడితే బరి మైలపడుతుంది."

"నేను ఇందాకే కాళ్లు కడుక్కున్నాను. షోమా కడుక్కోలేదు, నేను చూశాను."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. షోమా కాలివేళ్లు లోపలికి ముడుచుకున్నాడు.

ఇసొగాయి గారికి ఒళ్లు మండింది. కానీ సంఘం పెద్ద కదా, మొహాన నవ్వు పులుముకుని ఉపన్యాసం అందుకున్నారు. బరి అంటే ఆషామాషీ కాదట. ఏటా పాత మట్టి తవ్వి, కొత్త ఎర్రమట్టి పోసి, కాళ్లతో తొక్కి తొక్కి, ఖాళీ సీసాలతో బాది నున్నగా చెయ్యాలట. నడిమధ్య గుంటలో దేవతకి బియ్యం, సముద్రపు నాచు పెట్టి పూడ్చాలట. నిష్ఠగల మగవాడు చెయ్యాల్సిన పనట. అందుకే ఏటా బరి కట్టే గెంజో అన్నయ్య చుట్టూ నీలం టార్పాలిన్ కట్టుకుని, బరి పూర్తయ్యేదాకా మూడు రోజులూ సంఘం వాళ్లని కూడా లోపలికి తొంగి చూడనివ్వడట.

ఆ గెంజో, అంటే చినామి తాతయ్య, ముందు వరసలో మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. నడుముకి అంటించిన మందుపట్టీల వాసన నాలుగు వరసల దాకా కొడుతోంది. తన పేరు వినపడగానే తల వంచేసుకున్నాడు. ఎంత వినయమో అనుకున్నారు జనం.

"మొదట్లో అన్నయ్య కట్టిన బరి కూడా ఏటా పగిలేది, పాపం. పదకొండేళ్ల నుంచే చెయ్యి తిరిగింది," అన్నారు ఇసొగాయి గారు. "ఈ పదకొండేళ్లలో పండగనాడు ఒక్క చినుకు పడిందా? ఒక్క కుర్రాడికి కాలు బెణికిందా? బరి చూడండి, అద్దంలా ఉంది. ఆ తల్లికి అన్నయ్య పని నచ్చిందన్నమాట. ఇప్పుడు ఆడపిల్లని ఎక్కించి ఆవిడకి కోపం తెప్పిస్తే, రేపు పంట పోతే ఎవరయ్యా పూచీ?"

పంట మాట వచ్చేసరికి మగాళ్లంతా తలలూపారు. కిసుక్కుమన్న మనిషి కూడా ఊపాడు. ఇసొగాయి గారికి హుషారొచ్చింది. కావాలంటే షోమాకి కప్పు ఇచ్చేటప్పుడు చినామి పళ్లెం పట్టుకుని పక్కన నిలబడొచ్చు, ఫొటోలో ముద్దుగా ఉంటుంది అని వరమిచ్చారు.

"నాకు పళ్లెం వద్దు. కుస్తీ కావాలి," అంది చినామి. అక్కణ్ణుంచి కదల్లేదు. ఇసొగాయి గారు మాత్రం మనవడి చెయ్యి పైకెత్తి గెలిచినట్టు ప్రకటించడానికి బరి ఎక్కబోయారు.

వెనక చాప మీద కూర్చుని అన్నం ముద్దలకి నాచు చుడుతున్న తోమె, చినామి నాయనమ్మ, చేతులు తుడుచుకుని లేచింది. "వద్దే, నా పరువు తియ్యకే," అని గెంజో గొణిగాడు. ఆవిడ వినిపించుకోలేదు. మేజోళ్లు ఊడదీసి, పొందిగ్గా మడిచి, మొగుడి ఒళ్లో పెట్టింది. మడమల పగుళ్ల నిండా ఎర్రమట్టి పట్టేసి ఉంది. తిన్నగా బరి దగ్గరికి నడిచింది.

"వదినా, పెద్దదానివి, నువ్వు కూడానా," అంటూ ఇసొగాయి గారు గబగబా ఉప్పు డబ్బా అందుకున్నారు.

తోమె ఆయన చేతిలోంచి డబ్బా లాక్కుని, లోపలికి తొంగి చూసి, పెదవి విరిచింది.

"ఇది ఏ మూలకొస్తుందయ్యా? బస్తాలు తెప్పించు. లేదంటే నోరు మూసుకుని పిల్లని ఎక్కనివ్వు. మీ అన్నయ్యకి నడుము పడిపోయి పదకొండేళ్లయింది. అప్పట్నుంచీ ఆ టార్పాలిన్ చాటున ఈ బరి తొక్కింది ఈ కాళ్లే."